పట్టుంటలేదు

గేరు బుష్షు చిటికెన వేలి ఉంగరమంత ఉంటుంది. అంత చిన్న వస్తువు గురించి ఇంత రాయాలా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలా అనిపించే ఇన్నాళ్ళు వాయిదా వేశాను. గ్యారేజీ మానేసి సూరత్ కోసాడ్ క్వార్టర్లో కూర్చున్నాక చేతులకు పని లేదు, మనసు మాత్రం ఆ ఒక్క బండి కిందే పడుకుని ఉంది. పానా పట్టి బతుకుతున్న మన పిల్లలు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా సరే.

మాది సిరిసిల్ల పక్క పల్లె. మా నాయిన సాంచెల మీద బట్ట నేయడానికి సూరత్ వచ్చాడు, వెనకాలే మేమూ వచ్చాం. ఆ సాంచెల మోత నా చెవులకు పడలేదు. ఒక పూట నిలబడి, రెండో పూట పారిపోయి, తాపీ నది అవతల అడాజన్‌లో ఒక గ్యారేజీలో చేరాను. మోత వద్దని పోయినోడు సుత్తెల నడుమ కూసున్నడు అని మా నాయిన బతికినంత కాలం ఎగతాళి చేశాడు. అదీ నిజమే. కానీ ఇంజను మోతలో ఒక మాట ఉంటుంది. ఏ బండి ఏం చెప్తోందో వినడం నాకు తొందరగానే వచ్చింది. తొందరగా వచ్చిన విద్యతోనే ముప్పు ఎక్కువని అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినే రకం కాదు.

మా శేఠ్ గుజరాతీ మనిషి. నోరు మంచిది. ఆయనకు ఒక నియమం ఉండేది: బండి జాకీ ఎక్కిందంటే ఏదో ఒకటి మార్చకుండా కిందికి దిగకూడదు. లాభం కోసమే అనుకుంటారేమో, అదొక్కటే కాదు. ఏమీ లేదు, తీసుకుపో అంటే గిరాకీ నమ్మడనీ, చూడకుండానే పంపించారనుకుని పక్క గ్యారేజీకి పోతాడనీ ఆయన అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఇదిగో, పాతది తీసి కొత్తది వేశాం అని చెప్పి చూడండి, ఎంతటి వాడి మొహమైనా విప్పారుతుంది. నేను ఆ మొహాలకు అలవాటు పడిపోయాను.

గ్యారేజీ వెనక రేకుల షెడ్డులో ఒక మరాఠీ ముసలాయన లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొలత మాత్రం వెంట్రుకవాసి తప్పేది కాదు. గేరు రాడ్డు కీళ్ళ దగ్గర కంపెనీ వాళ్ళు వేసే బుష్షులు ప్లాస్టిక్‌వి, అరిగిపోతాయి. అరిగితే లీవరు ఢీలా పడి, ఒకటో గేరు ఎక్కడుందో మూడో గేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. నేను ఆ ముసలాయన చేత గట్టి నైలాన్ కడ్డీ కోయించి, బిగువైన బుష్షులు చేయించి వేసేవాణ్ణి. అవి వేశాక గేరు టక్కుమని పడేది. తెలుగు మిస్త్రీ గేరు అని అడాజన్ ఫ్లాట్లలో దానికి పేరు పడింది. ఆ పేరు విన్న ప్రతిసారీ నా చెయ్యి మీసం మీదికి పోయేది.

ఆ పేరు ఊరికి ఆ చివరనున్న భేస్తాన్ దాకా పాకింది. అక్కడి నుంచి మనవాళ్ళు దారిలో ఉన్న ఇరవై గ్యారేజీలు దాటుకుని, వంతెన దాటుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. హిందీ అందరికీ వచ్చు. అయినా బండి రోగం సొంత భాషలో చెప్పుకుంటే సగం తగ్గినట్టు ఉంటుంది. గిట్ల గుంజుతున్నది, గర్రుమంటున్నది, జర ఆయాసపడుతున్నది అని సగం సగం చెప్పేవాళ్ళు. మిగతా సగం నేను అందుకునేవాణ్ణి. మాట పూర్తికాకముందే తల ఊపడం నాకు గొప్పగా ఉండేది.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన కథ ఇది. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, మా పక్క మండలమే. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ముప్పై ఏళ్ళు సాంచెల మీద నిలబడి, మోకాళ్ళు మొరాయించాక ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాడు. భేస్తాన్‌లో మనవాళ్ళకు అదే పెళ్ళికారు, అదే అంబులెన్సు. మూటలతో స్టేషన్‌కు పోవాలన్నా, నొప్పులు పడుతున్న ఆడమనిషిని దవాఖానకు చేర్చాలన్నా ఆయన తలుపే కొట్టేవాళ్ళు. భార్యాభర్తలిద్దరే. ఇల్లు ఆ స్టీరింగ్ మీదే నడిచేది.

ఆయన ఎడమచెయ్యి గురించి చెప్పాలి. తెగిన పోగును ఎడమచేతి మూడు వేళ్ళతో, అటు చూడకుండానే ముడి వేసేవాడు. గ్యారేజీలో కొత్త మొహం కనిపిస్తే చాలు, సంచి నుంచి ఒక దారం లాగి, తెంపి, ముడి వేసి, ముడి ఎక్కడుందో చెప్పమనేవాడు. ఎవరికీ దొరికేది కాదు. మా లేత్ ముసలాయన కూడా మిషన్ ఆపి వచ్చి ఆ వేళ్ళ వంక చూసేవాడు. ఆయన మిషన్ ఆపడం నేను ఇంకెందుకూ చూడలేదు.

మొదటిసారి వానలు తగ్గాక వచ్చాడు. వస్తూనే లీవరు వైపు గడ్డం చూపించి, "తమ్మీ, పట్టుంటలేదు. జర సూడు," అన్నాడు.

ఎక్కి కూర్చుని చూశాను. గంజులో గంటె తిరిగినట్టు తిరుగుతోంది లీవరు. బండి లేపి, రాడ్డు విప్పి చూస్తే బుష్షు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. కొత్తది వేశాను, గ్రీజు పెట్టాను. ఆయన ఒక చుట్టు తిప్పుకొచ్చి, ఇగ మంచిగున్నది అని వెళ్ళిపోయాడు. నిజంగానే బాగుంది. ఆ రోజు పనిలో వంక లేదు.

వంక నేను విన్న మాటలో ఉంది. పట్టుంటలేదు. దేనికి పట్టుంటలేదు? నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, వ్యాకరణం నాకెందుకు గానీ, మన భాషలో ఆ దేనికి అన్న ముక్క మింగేసి మాట్లాడొచ్చు. హిందీలో చెప్పుకుని ఉంటే గేరుకనో చేతికనో ఏదో ఒకటి బయటికి అనాల్సి వచ్చేది. నేను మెకానిక్‌ని కాబట్టి గేరుకని విన్నాను. మా గ్యారేజీలో ఏ గుజరాతీ మిస్త్రీ ముందు నిలబడినా ఆయన మాట ఇంకోలా వచ్చి ఉండేదేమో. సొంత భాషవాడి దగ్గరికి రావడమే ఆయనకు చేటయింది.

రెండు నెలలకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట. ఈసారి తాళంచెవి నాకు అందిస్తూ కింద పడేశాడు, వంగి తీసి మళ్ళీ పడేశాడు. చాయ్ వస్తే గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని తాగాడు. కొత్తగా చేరిన పెయింటర్ ఒకడు ముడి వేసి చూపించమంటే, మల్లెప్పుడన్న చూద్దాం అన్నాడు. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పుకుంటే కొంత తేలికగా ఉండేది గానీ, చూశాను. బండిలో బోల్టు అరచుట్టు వదులైతే నాలుగు గజాల దూరం నుంచి పసిగట్టే మనిషిని.

లీవరు కదిపి చూస్తే గట్టిగా ఉంది. అయినా బండి లేపాను, బుష్షు తీశాను. నేను వేసింది వేసినట్టే ఉంది. అనుమానం తీరక షెడ్డులోకి తీసుకుపోయి ముసలాయనకు ఇచ్చాను. ఆయన కొలిచి, జరా భీ నహీ ఘిసా, ఇసుమంత కూడా అరగలేదని చెప్పి నా అరచేతిలో పెట్టాడు.

నేను బయటికి వచ్చేసరికి అన్న కారు పక్కన నిలబడి నా మొహం వంకే చూస్తున్నాడు. అంత దూరం నుంచి వచ్చాడు. నా పేరు నమ్మి వచ్చాడు. ఏమీ లేదన్నా అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి, "అరిగిందన్నా, ఇగో సూడు," అనే మాట వచ్చింది. బుష్షు చూపించాను. ఆయన కళ్ళు చికిలించి చూశాడు. బుష్షులు ఆయనకేం తెలుసు? నేను అరిగిందంటే అరిగింది. ఒక్కసారిగా ఆయన భుజాలు కిందికి దిగాయి. గంతేనా అన్నాడు. గంతే అన్నాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు ఇద్దరం సంతోషపడ్డాం. ఇంకొంచెం బిగువైన బుష్షు వేసి పంపించాను.

మూడోసారి నెల తిరక్కుండానే వచ్చాడు. గుండీల చొక్కా మానేసి, పైనుంచి తొడుక్కునే బనీనులాంటిది వేసుకున్నాడు. షెడ్డు ముందు నుంచి నడిచి వెళ్ళిన ఆయన్ని చూసి మా లేత్ ముసలాయన నన్ను పిలిచాడు.

"గాడీ నహీ, ఆద్మీ కో దేఖ్," అన్నాడు. బండిని కాదు, మనిషిని చూడు.

నాకు మండింది. నా పనికి వంక పెట్టినట్టు తోచింది. నువ్వు ఎప్పటినుంచి డాక్టర్‌వయ్యావు, చెప్పిన కొలతకు కోసి ఇవ్వు చాలు అన్నాను. ఆయన నేను చెప్పిన కొలతకే కోసి ఇచ్చాడు. అది ఎంత బిగువంటే సుత్తితో కొట్టి దించాల్సి వచ్చింది. గేరు వేయడానికి నాకే భుజం సాయం కావాల్సి వచ్చింది. కొన్నాళ్ళు నడిస్తే అదే సర్దుకుంటుందన్నా అన్నాను. ఆయన కూర్చుని ఎడమచేత్తో ప్రయత్నించాడు. తర్వాత కుడిచెయ్యి కూడా అడ్డంగా తెచ్చి, రెండు చేతులతో గేరు వేసి వెళ్ళిపోయాడు. కొత్త బుష్షు కదా అనుకుంటూ నేను చేతులు కడుక్కున్నాను.

పట్టు లేని చేతికి నేను మూడుసార్లు బిగువు పెంచాను. ఇప్పుడు ఒక్క వాక్యంలో రాస్తుంటే ఎంత తెలివితక్కువగా ఉందో మీకే కనిపిస్తుంది. అప్పుడు మాత్రం ప్రతిసారీ ఒక కారణం ఉండేది.

పదిరోజులయిందో లేదో, ఒక మధ్యాహ్నం ఎవరిదో నంబరు నుంచి ఫోన్. ఆయనే. ఉధనా వైపు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగిందట, గేరు పడక బండి వెనక్కి జారిందట, ఒక స్కూటర్‌కు తగిలిందట. తమ్మీ, జర రా అన్నాడు. శేఠ్ మోటారుసైకిల్ తీసుకుని పోయాను. దారి పొడుగునా నా మనసులో ఉన్నది ఆయన కాదు, నా బుష్షు. విరిగిందా? జారిందా? నా చేతి పని నడిరోడ్డు మీద నన్ను నవ్వులపాలు చేసిందా?

అక్కడ పాతిక మంది మూగి ఉన్నారు. స్కూటర్ మీద వెనక కూర్చున్న ఆడమనిషి మోచెయ్యి గీరుకుపోయింది. ఆమె భర్త అన్న మెడ దగ్గర బనీను పట్టుకుని ఊపుతున్నాడు. తాగి నడుపుతున్నాడు, నిలబడటమే రావడం లేదు చూడండి అని చుట్టూ ఉన్నవాళ్ళు అంటున్నారు. నిజంగానే ఆయన కాళ్ళు సరిగ్గా ఆనడం లేదు. జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి. నన్ను చూడగానే మొహంలోకి ప్రాణం వచ్చింది. మా మిస్త్రీ వచ్చిండు, ఆయన్నే అడుగుండ్రి, గేరు ఖరాబున్నది అని వచ్చీరాని గుజరాతీలో చెప్పాడు.

నేను ఎక్కి కూర్చున్నాను. ఇంజను స్టార్ట్ చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, రివర్సు. అన్నీ టక్కుటక్కుమని పడ్డాయి. నా ప్రాణం నిమ్మళించింది. ఆ నిమ్మళంలోనే, అంతమంది మధ్యలో, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "గాడీ మే కోయీ ఖరాబీ నహీ హై," అన్నాను. బండిలో ఏ తప్పూ లేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట అన్నట్టు చూశారు అందరూ ఆయన వంక. స్కూటర్ మనిషి చెంప మీద ఒక్కటి కొట్టాడు. అన్న కొట్టినవాడి వంక చూడలేదు. నా వంక చూశాడు.

దిగి వాళ్ళను విడదీశాను. ఆడమనిషికి మందు వేయిస్తానని బతిమాలి, దణ్ణాలు పెట్టి పంపించాను. అటూ ఇటూ బస్సులు పోతున్నాయి. ఆయన్ని రోడ్డు పక్కకు తీసుకుపోవాలని ఎడమచెయ్యి అందుకున్నాను. వేళ్ళు నా అరచేతిలో మెత్తగా పడి ఉన్నాయి.

"గట్టిగ పట్టుకో అన్నా," అన్నాను.

"పట్టుకున్న తమ్మీ," అన్నాడు.

మూడు నెలలుగా ఆయన చెప్తున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది. ట్రాఫిక్ మధ్యలో ఆ చెయ్యి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. హారన్లు కొడుతూనే ఉన్నారు.

మర్నాడే నేను, వదిన కలిసి దవాఖానకు తీసుకుపోయాం. మెడ దగ్గర ఎముక అరిగి, చేతులకూ కాళ్ళకూ పోయే నరం మీద కూర్చుందట. ఆపరేషన్ చేశారు. చేసే ముందే డాక్టరు చెప్పాడు: ఇది ఇంకా ముదరకుండా ఆపగలను, పోయిన పట్టు తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేను, మొదట్లోనే వచ్చి ఉంటే ఇంత దూరం పోయేది కాదు. ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగాడు. వదిన నా వంక చూసింది. ఆమెకేమీ తెలియదు, హిందీలో నేను జవాబు చెప్తానని చూసింది అంతే. నేను స్కాన్ ఫిల్ములు కవర్లో సర్దడం మొదలుపెట్టాను.

పట్టు తిరిగి రాలేదు. కారు అమ్మేశారు. కొన్నవాడికి ఆ గేరు బాగా నచ్చిందట, తెలుగు మిస్త్రీ చేసిందని చెప్పుకున్నాడట. ఆ మాట నాకు చేరినరోజు నేను అన్నం తినలేదు. లేత్ ముసలాయనకు జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ముడి వేసే ఆ చెయ్యేనా అని ఒక్క మాట అడిగి, మిషన్ మీదికి వంగాడు. ఆ పూటంతా ఏదో ఒక కడ్డీ కోస్తూనే ఉన్నాడు.

పిల్లలూ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. పని చేసేవాడికి అన్నిటికంటే కష్టమైన మాట 'ఏమీ లేదు, తీసుకుపో' అన్నదే. అది అంటే మన విద్య తక్కువైనట్టు ఉంటుంది. నేను ఆ మాట అనలేక అబద్ధమాడాను. తీరా అన్నప్పుడు నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను, అదీ ఆయన్ని కొడుతున్న జనం ముందు.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం భేస్తాన్ పోయాను. అంతకుముందు రెండుసార్లు బయల్దేరి సగం దారి నుంచి తిరిగివచ్చాను. ఒక గది ఇల్లు. వదిన కింద కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అతికిస్తోంది. సూరత్‌లో ఇంటిపట్టున ఆడవాళ్ళకు దొరికే పని అదే, ఇప్పుడు ఇల్లు దానిమీదే నడుస్తోంది. అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. చాయ్ తాగాం. ఊరి ముచ్చట్లు అయిపోయాయి.

తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చినప్పుడు గేరు నిజంగానే ఢీలా ఉందనీ, రెండోసారికి తనకే అనుమానం తగిలిందనీ చెప్పాడు. స్నానానికి లోటా ఎత్తితే జారిపోయేదట, పోగు దొరికేది కాదట. గేరు సంగతి కాదేమో, తన సంగతేమోనని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదట. ఎంతోమందిని దవాఖానకు మోసిన మనిషి, తను పోవడానికి భయపడ్డాడు. ముందు తమ్ముని దగ్గరికి పోదాం, బండిల ఏం లేదంటే గప్పుడు చూద్దాం అనుకుని వచ్చాడట.

"నువ్వు అరిగిందంటివి. పానం నిమ్మలమైంది," అన్నాడు. కుడిచేత్తో ఎడమచెయ్యి సర్దుకుని అడిగాడు. "నిజంగ అరిగిందా తమ్మీ, ఆ రెండోసారి?"

వదిన రాయి అతికించడం ఆపి చూస్తోంది. అరిగింది అనడం ఎంత తేలికో నాకు తెలుసు. ఒకసారి అన్నవాణ్ణే కదా.

"లేదన్నా," అన్నాను. "ఏం అరగలే."

ఆయన తల ఊపాడు. నా మొహం వంక చూడలేదు.

"గదే ముక్క ఆనాడు అంటే, తెల్లారి దవాఖానకు పోతుంటి," అన్నాడు.

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నేను ఇంత కాలం మోసేవాణ్ణి కాదు.